కథను విప్పి చదవడం: ముందుతరం కథకుల నుంచి ఏం తీసుకోవాలి, ఎలా తీసుకోవాలి

గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో అచ్చయింది. చాలా చిన్న కథ. గోపాలరావు సానిపాట విని బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చి ‘తలుపు! తలుపు!’ అంటాడు. తలుపు తీసే మనిషి లేదు. గదిలో గడియారం ఒంటిగంట కొడుతుంది. లోపలికెళ్తే భార్య కమలిని కనిపించదు. నౌకరు రాముణ్ని లేపి గద్దిస్తాడు. ఒక ఉత్తరం దొరుకుతుంది. పుట్టింటికి వెళ్లిపోతున్నానని కమలిని అందులో రాసింది. గోపాలరావు గుండె జారిపోతుంది, తప్పు ఒప్పుకుంటాడు, ఎలాగైనా ఆమెను తీసుకురమ్మని రాముణ్ని పురమాయిస్తాడు. అప్పుడు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. కథ అక్కడితో అయిపోతుంది.

మొదటిసారి చదివినవాళ్లు ఆ చమత్కారానికి ముచ్చటపడి పుస్తకం మూసేయవచ్చు. కథలు రాయాలనుకునేవాళ్లు మాత్రం వెంటనే మళ్లీ మొదటి వాక్యానికి రావాలి. ఈసారి చదువుతుంటే గదిలో ఇంకొక మనిషి ఉన్న సంగతి మనకు తెలుసు. గోపాలరావు తనను తాను తిట్టుకునే మాటలు, రాముడి మీద వేసే కేకలు, చదువుకున్న స్త్రీ ఎంత గొప్పదో నౌకరుకు చేసే బోధ, అన్నీ మంచం కింద నుంచి ఒకరు వింటున్నారు. రాముడికి ఈ నాటకం ముందే తెలుసా అన్న ప్రశ్న కూడా రెండో చదువులోనే పుడుతుంది. అది పుట్టాక వాడి ప్రతి జవాబూ ఇంకో రకంగా వినిపిస్తుంది.

ఇప్పుడు గురజాడ ఎదుట ఉన్న చిక్కేమిటో ఊహించుకోవచ్చు. దారితప్పిన భర్తను చదువుకున్న భార్య సరిదిద్దాలి. ఆ మాటలు భార్య చేత నేరుగా చెప్పిస్తే కథ ఉపన్యాసమైపోతుంది. ఆమెను ఏడిపిస్తే జాలి కథ అవుతుంది. ఆయన ఆ రెండు దారులూ వదిలేసి, ఆమెను కథలో ఉంచుతూనే కంటికి కనబడకుండా దాచాడు. దాంతో ఉపన్యాసం ఇచ్చే పని భర్త మీద పడింది. స్త్రీవిద్యను వేనోళ్ల పొగిడేవాడూ, పదిరోజులుగా రాత్రిళ్లు ఇంటిపట్టున ఉండనివాడూ ఒక్కడే. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం పాఠకుడికి వాడి నోటే తెలిసిపోతుంది. రచయిత ఒక్క మాట కూడా కలపనక్కర్లేకపోయింది.

ఇతర రచయితల పనితనం నుంచి నేర్చుకోవడమంటే ఈ స్థాయిలో చదవడం. వాక్యం ఎంత అందంగా ఉందో చూడటంతో ఆగకూడదు. ఆ వాక్యం రాయకముందు రచయిత ఏ కూడలిలో నిలబడ్డాడో, ఏయే దారులు వదిలి ఏది పట్టాడో వెతకాలి. శిల్పం పేరుతో మనం చెప్పుకునేవన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరు ఎదుర్కొన్న చిక్కుకు దొరికిన జవాబులే. ఆ చిక్కేమిటో తెలియకుండా జవాబును మాత్రం పట్టుకుపోతే అది మన కథలో అతకదు. ‘దిద్దుబాటు’ చదివి ఆఖర్లో ఒక మలుపు పెట్టాలని మాత్రమే నేర్చుకున్నవాళ్లు రాసిన కథలు వార పత్రికల నిండా వచ్చాయి. వాటిలో చాలా వాటికి రెండో చదువు లేదు. మలుపు తెలిసిపోయాక కథలో ఏమీ మిగలదు. ‘దిద్దుబాటు’ మలుపు తెలిశాకే అసలు మొదలవుతుంది.

ఇది ఒంటపట్టడానికి ఒక పని చేసి చూడవచ్చు. అదే కథను కమలిని కుర్చీలో కూర్చుని భర్త కోసం ఎదురుచూస్తున్నట్టు మార్చి ఒక పేజీ రాయాలి. ఉత్తరం అక్కర్లేదు, రాముడు అక్కర్లేదు. భార్యాభర్తలు ముఖాముఖి మాట్లాడుకోవాలి. సగం పేజీ గడవకముందే సంభాషణ తగాదాగానో సంజాయిషీగానో మారిపోతుంది. గురజాడ వదిలేసిన దారిలో కొంతదూరం నడిచినవాళ్లకే ఆయన పట్టిన దారి విలువ తెలుస్తుంది.

ఇలా ఒకరి నుంచి తీసుకోవడం తప్పు కాదా, అది అనుకరణ కాదా అన్న శంక కొత్తగా రాసేవాళ్లను బాగా వేధిస్తుంది. మన అలంకారశాస్త్రం ఈ శంకను వెయ్యేళ్ల కిందటే పట్టించుకుంది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ చివరి భాగంలో ఒక కవి రచనకూ ఇంకొకరి రచనకూ మధ్య ఉండే పోలికను మూడు రకాలుగా చూశాడు. ఒకటి అద్దంలో ప్రతిబింబం లాంటిది, దానికి సొంత ప్రాణమే లేదు. రెండోది బొమ్మ గీసినట్టుండేది, దాని ప్రాణం అంతంతమాత్రం. ఈ రెంటినీ వదిలేయమన్నాడు. మూడోది ఇద్దరు మనుషుల మధ్య కనిపించే పోలిక. ముక్కూ మొహమూ ఒకలాగే ఉన్నా ఎవరి ప్రాణం వారిది. దాన్ని కవి విడిచిపెట్టక్కర్లేదన్నాడు. ఆ తర్వాత వచ్చిన రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఇంకా నిర్మొహమాటంగా మాట్లాడాడు. దొంగతనం చేయని కవీ లేడు, వర్తకుడూ లేడు, దాచుకోవడం తెలిసినవాడు నిందపడకుండా వర్ధిల్లుతాడు అన్నాడు. వర్తకుడి సంగతి ఎలా ఉన్నా, కథకుడికి దాచుకోవడం కన్నా ఆనందవర్ధనుడు చెప్పిన సొంత ప్రాణమే ముఖ్యం. ఆయన కొలత ఈరోజుకూ పనికొస్తుంది.

దాన్ని మన నవలకు పెట్టి చూద్దాం. జేమ్స్ జాయిస్ 1922లో అచ్చయిన ‘యులిసిస్’లో 1904 జూన్ 16న డబ్లిన్ నగరంలో గడిచిన ఒక్కరోజును పాత్రల మనసుల్లోని ఆలోచనల వెంట నడిపాడు. ఆ చైతన్య స్రవంతి పద్ధతి తెలుగులోకి వచ్చింది. రావిశాస్త్రి ‘అల్పజీవి’లో, నవీన్ ‘అంపశయ్య’లో అది కనిపిస్తుంది. 1969లో వచ్చిన ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి మనసులో గడిచే ఒక్కరోజు. ఒక్కరోజు అన్న చట్రం దాకా పోలిక స్పష్టమే. డబ్లిన్ మాత్రం ఇందులో లేదు. పల్లె నుంచి వచ్చిన కుర్రాడి డబ్బు కటకట, చదువు భయం, ఆడపిల్లల విషయంలో బెరుకు, ఆ కాలపు తెలంగాణ క్యాంపస్ వాతావరణం ఉన్నాయి. ‘అల్పజీవి’ సుబ్బయ్య దగ్గరికొస్తే తేడా ఇంకా లోతుది. సుబ్బయ్య పిరికివాడు. నోరు విప్పి అనలేనివన్నీ లోపల అనుకుంటాడు. పైకి మాట్లాడలేని మనిషి కథ చెప్పాలంటే లోపలికి వెళ్లక తప్పదు. అందుకే ఆ పద్ధతి అక్కడ అతికించినట్టు ఉండదు. రావిశాస్త్రి దాన్ని వాడుకోవడానికి కారణం సుబ్బయ్యలోనే ఉంది. కొత్త పద్ధతి ఏదైనా నచ్చినప్పుడు రచయిత తనను తాను అడగాల్సిన ప్రశ్న ఇది: నా కథలో దీనికి కారణమైన మనిషి ఎవరు? ఆ మనిషి లేకపోతే ఆ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

పద్ధతులన్నీ పరాయి దేశం నుంచే రావాలనీ లేదు. ఇంగ్లీషు చదువుకోని శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి తెలుగు కథలో సంభాషణను నిలబెట్టినట్టు మరెవరూ నిలబెట్టలేదు. 1891లో పుట్టి 1961 దాకా జీవించిన ఆయన గోదావరి జిల్లా ఇళ్లలో, అరుగుల మీద, సంతల్లో నడిచే మాటను కథకు వెన్నెముక చేసుకున్నాడు. ‘మార్గదర్శి’లో, చదరంగం చుట్టూ అల్లిన ‘వడ్లగింజలు’లో పేజీలకు పేజీలు మాటలతోనే సాగుతాయి. ‘అన్నాడు’, ‘అంది’ అన్న తోకలు చాలాచోట్ల ఉండవు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో తడుముకోనక్కర్లేదు.

అదెలా సాధ్యమైందో చూడాలంటే ఆయన కథలో ఒక పేజీ తీసుకుని, ప్రతి మాట పక్కనా ఆ మాట వల్ల మనకు కొత్తగా తెలిసిందేమిటో రాసుకుంటూ పోవాలి. శ్రీపాద మనుషులు సమాచారం ఇవ్వడానికి మాట్లాడరు. ఎదుటివాణ్ని ఒప్పించడానికి, ఎత్తిపొడవడానికి, బుజ్జగించడానికి, తప్పించుకోవడానికి మాట్లాడతారు. సమాచారం ఆ పెనుగులాటలో జారిపడుతుంది. ఇంకొకటి, శరీరం కదలికలు కూడా మాటలోనే ఇమిడి ఉంటాయి. ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. ‘తమ్ముడు కోపంగా లేచి గుమ్మం వైపు నడిచాడు. అక్క అడ్డుపడి వెళ్లకు అంది’ అని రాస్తే సంగతి తెలుస్తుంది. దానికి బదులు అక్క ఇలా అందనుకుందాం: “ఆ కండువా అక్కడ పెట్టరా ముందు. విస్తరి ముందు నుంచి లేచి వీధిలోకి పోతే చూసేవాళ్లు ఏమనుకుంటారు?” అతను భోజనం మధ్యలో లేచాడు, కండువా అందుకున్నాడు, ఆమెకు అతని మీద చనువూ అధికారమూ ఉన్నాయి, ఇరుగుపొరుగుకు భయపడే ఇల్లది. ఇన్ని సంగతులు ఒక్క మాటలో వచ్చాయి. కోపం అన్న పదం వాడనే లేదు.

శ్రీపాద దగ్గర నేర్చుకోవలసింది ఈ ఇమిడింపు. ఆయన నుడికారాన్ని ఎత్తుకొచ్చి హైటెక్ సిటీలో పనిచేసే పాత్ర నోట్లో పెడితే మాత్రం నవ్వులపాలవుతుంది. ఆ పాత్ర మాటల్లో ఫోను, మీటింగు, అద్దె, లోను వాయిదా ఉంటాయి. అయినా ఆమె కూడా ఒకరిని ఒప్పించడానికో తప్పించుకోవడానికో మాట్లాడుతుంది. పని అదే, మాట వేరు. యాస విషయంలోనూ ఇదే చిక్కు వచ్చింది. చిత్తూరు జిల్లా పల్లె మాటతో నామిని సుబ్రమణ్యం నాయుడు రాసిన కథలు పాఠకులను కట్టిపడేశాక యాసలో రాయాలన్న ఉత్సాహం చాలామందికి కలిగింది. అది మంచిదే. ఎన్నో ప్రాంతాల మాటకు కథలో చోటు దొరికింది. నామిని కథల్లో చెప్పేవాడూ ఆ ఊరివాడే, లోకాన్ని కొలిచే కొలతలూ ఆ ఊరివే అన్నది మాత్రం కొందరు గమనించలేదు. కథనమంతా పట్నపు చదువరి చూపుతో నడుస్తూ, మధ్యలో పాత్ర నోరు తెరిచినప్పుడు మాత్రం యాస వినిపిస్తే, ఆ పాత్ర మనిషిలా కాక వస్తుప్రదర్శనలో పెట్టిన బొమ్మలా కనిపిస్తుంది. యాసను నేర్చుకునే ముందు, కథ ఎవరి కళ్లతో చూస్తోందో నామిని దగ్గర నేర్చుకోవాలి.

కొత్త రచయితలను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది గతాన్ని చెప్పడం. కథ ఈరోజు జరుగుతుంది. దానికి కారణాలు ఇరవై ఏళ్ల కిందట ఉన్నాయి. మామూలుగా ఏం చేస్తారు? పాత్ర కిటికీలోంచి బయటికి చూస్తుంది, ఆలోచనలు వెనక్కి పరుగెడతాయి, రెండు పేజీల గతం వస్తుంది, ‘కాఫీ’ అన్న పిలుపుతో మళ్లీ ఈ లోకంలో పడుతుంది. ఆ రెండు పేజీలూ కథ నిలిచిపోయి ఉంటుంది.

కాళీపట్నం రామారావు (కారా) 1964లో రాసిన ‘యజ్ఞం’ ఈ చిక్కును ఎలా విప్పిందో చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. సుందరపాలెం అనే ఊళ్లో అప్పు తగాదా మీద పంచాయితీ జరుగుతుంది. అప్పల్రాముడు బాకీ పడ్డాడు. ఏళ్లు గడిచాయి. బాకీ తీరే దారేదో పెద్దలు తేల్చాలి. శ్రీరాములునాయుడు పేరున్న పెద్దమనిషి, న్యాయం చెబుతాడని ఊరంతా నమ్మే మనిషి. ఇంతే పైకి కనిపించేది. ఈ పంచాయితీలోకి ఆ ఊరి ఎన్నో ఏళ్ల చరిత్ర మొత్తం వస్తుంది. భూములు ఎలా చేతులు మారాయో, ఊరికి వచ్చిన అభివృద్ధి ఎవరిని పైకి తెచ్చి ఎవరిని కిందికి తోసిందో, కష్టపడి పనిచేసే మనిషి అప్పులో ఎలా కూరుకుపోయాడో అంతా వస్తుంది. వచ్చే తీరులోనే ఉంది పనితనం. అక్కడ గతం ఎవరి జ్ఞాపకంగానూ రాదు, వాదంలో సాక్ష్యంగా వస్తుంది. తగవు తేలాలంటే అప్పు ఎలా పుట్టిందో తెలియాలి. అందుకని ఆ ముప్పై నలభై పేజీలూ పాఠకుడు తెలియకుండానే తీర్పు చెప్పే స్థానంలో కూర్చుంటాడు. ఇటు వాదన వింటే ఇటు, అటు వింటే అటు మొగ్గుతాడు. పద్ధతి ప్రకారం, చట్టం ప్రకారం బాకీ తీర్చాలి కదా అని అతనికీ అనిపిస్తుంది.

అలా అనిపించేలా చేశాకే ముగింపు వస్తుంది. అప్పల్రాముడు పెద్దల తీర్పుకు తలవంచాక, అతని కొడుకు తన పసిబిడ్డను చంపి పంచాయితీ ముందు పడేస్తాడు. ఆ బిడ్డ పెరిగి బానిస బతుకు బతకకూడదన్నది అతని తెగింపు. ఈ ముగింపు సబబేనా అని తెలుగు విమర్శకులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఎటు వాదించినా ఒక సంగతి కాదనలేరు. ఆ దెబ్బ తీర్పుకు మొగ్గిన పాఠకుడికీ తగులుతుంది. కథ చివరి అరపేజీలో ఉన్న బలం ముందున్న నెమ్మదైన పేజీల వల్ల వచ్చింది. ‘యజ్ఞం’ నిడివి ఎక్కువ, మొదటి సగం నత్తనడక అనే పాఠకులు ఉన్నారు. ఆ సగాన్ని కుదించి చూస్తే తెలుస్తుంది, కుదించిన ప్రతి పేజీకీ చివరి దెబ్బ బలం తగ్గుతుంది. కొడుకు చేసిన పని అప్పుడు ఉన్మాదంలా కనిపిస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే పనితనం చాగంటి సోమయాజులుది. చాసో కథలు చిన్నవి. ‘ఎంపు’లో ముష్టి ఎత్తుకునే తండ్రి కూతురికి పెళ్లి మాటలు చెబుతాడు. ఆమె మనసు కుంటివాడి మీద ఉంది. తండ్రి గుడ్డివాణ్ని చేసుకోమంటాడు, సంపాదన వాడికే బాగుంటుంది కనుక. ఏ ఇంట్లోనైనా వినిపించే సంబంధం ముచ్చటే ఇది. ఉద్యోగం, జీతం చూసి పిల్లనిచ్చే పద్ధతే. చాసో ఎక్కడా అయ్యో అనడు, మనల్నీ అననివ్వడు. జాలిపడే అవకాశం ఇవ్వకపోవడం వల్లే కథ లోపల గుచ్చుకుంటుంది. రాసిన చిత్తుప్రతిలో రచయిత బాధపడ్డ వాక్యాలన్నీ కొట్టేసి చూడటం చాసో దగ్గర నేర్చుకోదగ్గ మొదటి పని.

పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ గురించి ఇక్కడ కొంచెమైనా చెప్పాలి. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి అందుకున్న కథ అది. మనిషి మారినట్టు నమ్మించడం కథలో కష్టమైన పని. కథలో రైలు ప్రయాణం చేస్తున్న పెద్దమనిషి రావుగారి చేత పద్మరాజు మారానని చెప్పించలేదు. ఆయన చుట్టూ ఉన్న సదుపాయాలను ఒక్కొక్కటే తీసేశాడు. రైలు పోయింది, తోటి పెద్దమనుషులు పోయారు, వెలుతురు పోయింది. గాలివానలో ఆయనా, ఆయన అసహ్యించుకున్న ముష్టిమనిషీ మిగిలారు. ఆయన నమ్ముకున్న నియమాలు ఏ పరిస్థితుల అండతో నిలిచాయో ఆ పరిస్థితులే లేవు. మార్పు దానంతటదే వచ్చింది.

ఇలా చదవడానికి పద్ధతి ఏమిటి? వంట తెలిసిన మనిషి పరాయి ఇంట్లో భోంచేస్తూ పోపులో ఏం పడిందో పట్టేసినట్టు, చదువుతున్నప్పుడే అన్నీ పట్టేయడం ఎవరికీ మొదట్లో చేతకాదు. మొదటిసారి పాఠకుడిగానే చదవాలి. కథ పనిచేసిందో లేదో తెలిసేది అప్పుడే. ఎక్కడ మనసు కదిలిందో, ఎక్కడ విసుగనిపించిందో అంచున ఒక గీత గీసుకుంటే చాలు. రెండోసారి ఆ గీతల దగ్గర ఆగి వెనక్కి నడవాలి. కన్నీరు వచ్చిన వాక్యంలో కన్నీటికి కారణం సాధారణంగా ఉండదు. మూడు పేజీల ముందు, అప్పటికి అప్రధానంగా కనిపించిన ఏదో వస్తువులోనో మాటలోనో ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడమే అసలు చదువు.

మూడోసారి కాగితం తీసుకుని కథను ఘట్టాలుగా విడగొట్టాలి. ప్రతి ఘట్టానికీ ఎక్కడ, ఎప్పుడు, ఎవరున్నారు, ఘట్టం మొదట్లో ఉన్నదేమిటి, చివరికి మారిందేమిటి అని ఒక్కో వాక్యం రాసుకుంటే కథ అస్థిపంజరం బయటపడుతుంది. కథలో గడిచిన కాలానికీ దానికి రచయిత ఇచ్చిన పేజీలకూ ఉన్న నిష్పత్తి కూడా చూడాలి. పదేళ్లను ఒక వాక్యంలో దాటేసి, పది నిమిషాలకు నాలుగు పేజీలు ఇచ్చాడంటే రచయిత బరువు ఎక్కడ పెట్టాడో అక్కడే తెలిసిపోతుంది. ఇష్టమైన పేజీని చేత్తో ఎత్తిరాయడం పాతకాలపు అలవాటే అయినా ఇప్పటికీ దానికి సాటి లేదు. కన్ను దాటేసే కామా, పేరా విరుపు, వదిలేసిన కర్తపదం చేతికి తగులుతాయి. ఎత్తిరాసింది దాచుకోవలసిన అవసరం మాత్రం లేదు, చించేయవచ్చు.

అనువాదాల నుంచి నేర్చుకునేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు చౌకగా అందించిన తెలుగు పుస్తకాల వల్ల చెకోవ్, గోర్కీ, తొల్‌స్తోయ్ రెండు మూడు తరాల తెలుగు రచయితలకు ఇంటిమనుషుల్లా దగ్గరయ్యారు. ఆ పుస్తకాల్లో కథ కట్టుబడి, పాత్రలు, ఘట్టాల వరస మూల రచయితవే. వాక్యం నడక మాత్రం అనువాదకుడిది. చెకోవ్ ఏం చెప్పకుండా వదిలేశాడో తెలుగులో చదివి నేర్చుకోవచ్చు. ఆయన వాక్యం ఇలా ఉంటుందనుకుని అనువాదపు తెలుగును అనుకరిస్తే, మన కథలో మనుషులు ఎవరూ మాట్లాడని భాష మాట్లాడతారు. తెలుగు వాక్యం తెలుగులోనే పుట్టిన కథల్లో నేర్చుకోవాలి.

తెలుగులో శిల్పం మీద మంచి పుస్తకాలూ ఉన్నాయి. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’కు 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కారా ‘కథాకథనం’ కొత్తగా రాసేవాళ్ల కోసమే వచ్చిన పుస్తకం. ఇవి చదివితే మాట్లాడుకోవడానికి పరిభాష దొరుకుతుంది. కానీ ఒక కథను సొంతంగా విప్పి చూసిన అనుభవం తర్వాత చదివితేనే వీటిలోని మాటలు అర్థమవుతాయి. ముందే చదివితే నియమాల జాబితాలా మిగిలిపోతాయి.

పూర్తయిన గొప్ప కథ ఒక్కోసారి కొత్తవాళ్లను నిరుత్సాహపరుస్తుంది. ఎక్కడా అతుకు కనబడదు. అతుకులు చూడాలంటే ఒకే రచన రెండు రూపాల్లో దొరకాలి. తెలుగువాళ్లకు ఆ అదృష్టం ఉంది. ‘కన్యాశుల్కం’ నాటకం మొదటి కూర్పు 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాసి రెండో కూర్పు తెచ్చాడు. ఐదంకాలు ఏడంకాలయ్యాయి. మధురవాణి పాత్ర బాగా పెరిగింది. ఈ రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాళ్లకు, అచ్చయి, ఆడి, పేరు తెచ్చుకున్న రచనను కూడా తిరిగి విప్పే తెగువ ఎలా ఉంటుందో కనిపిస్తుంది. ఏ పాత్రకు చోటు పెరిగింది, దానివల్ల ఏ సన్నివేశం కొత్తగా పుట్టింది, ఎవరి మాట తీరు మారింది అని అంకం తర్వాత అంకం పోల్చుకుంటూ పోతే, తిరగరాయడం గురించి ఏ పాఠశాలా చెప్పలేనంత పాఠం అందులో ఉంది. ఇది నాటకమైనా కథకులకూ అంతే పనికొస్తుంది.

రెండు కూర్పులు దొరకని రచయితల విషయంలో ఇంకో దారి ఉంది. ఒక రచయిత కథలన్నిటినీ రాసిన వరసలో చదవడం. సంపుటాల్లో తరచూ మేలైనవి ముందు ఉంటాయి, తొలినాళ్లవి వెనక్కి పోతాయి లేదా చేరవు. తేదీల ప్రకారం చదవాలంటే పాత పత్రికలు కావాలి. కారా తన సాహిత్య అకాడెమీ పురస్కారపు డబ్బు కూడా వేసి 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం ఈ పనికే పుట్టినట్టుంటుంది. అచ్చయిన ప్రతి తెలుగు కథనూ సేకరించాలన్న పట్టుదలతో నడుస్తున్న సంస్థ అది. అక్కడి కథల్లో చాలా భాగం స్కాన్ చేసి ఇంటర్నెట్‌లోనూ ఉంచారు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి రాసే తెలుగువాళ్లకు కూడా అవి అందుబాటులో ఉన్నాయి. పేరున్న రచయిత తొలి కథల్లో తడబాట్లు చూడటం తప్పు పట్టడానికి కాదు. ఏ కథ దగ్గర తడబాటు ఆగిందో, ఆ కథలో కొత్తగా ఏం చేశాడో తెలుసుకోవడానికి.

ఆ పరీక్షకు కారానే మొదటి ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆయన 1940లలో చిన్నచిన్న కథలు రాశాడు. తర్వాత కొన్నేళ్లు రాయడం దాదాపు ఆపేశాడు. తిరిగి కలం పట్టాక వచ్చింది ‘యజ్ఞం’. ఆ విరామానికి ముందరి కథలను వరసగా చదివి, వెంటనే ‘యజ్ఞం’ మొదటి పది పేజీలు చదివితే, చూపు ఒక మనిషి నుంచి ఊరి మొత్తం మీదికి ఎలా విస్తరించిందో, ఒక సంఘటన చెప్పడానికి ఆయన దాని చుట్టూ ఎంత లోకాన్ని కట్టడం మొదలుపెట్టాడో వాక్యం వాక్యంలో తెలుస్తుంది.